మేనమామ ఇచ్చే వెయ్యి డాలర్లు తీసుకోవచ్చా?

అమెరికా కాలేజీల్లో ఆడుతున్న, ఆడబోతున్న పిల్లల గురించి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఈ నెల జవాబు రాస్తున్నాను. కొత్తగా చదివేవాళ్ల కోసం నా గురించి రెండు ముక్కలు. మాది గుంటూరు జిల్లా. పన్నెండేళ్లుగా అమెరికాలో ఒక యూనివర్సిటీ అథ్లెటిక్స్ విభాగంలో, కంప్లయన్స్ ఆఫీసులో పనిచేస్తున్నాను. అక్కడ కాలేజీ ఆటలకు నిబంధనలు పెట్టే పెద్ద సంస్థ ఎన్‌సీఏఏ. కాలేజీల్ని అది మూడు స్థాయిలుగా విడదీస్తుంది, అన్నిటికన్నా పైది డివిజన్ 1. ఆటగాళ్లు, కోచ్‌లు, చందాలిచ్చే అభిమానులు ఆ నిబంధనలు దాటకుండా చూసుకోవడం, ఎవరైనా దాటితే మేమే పైకి రాసి పంపడం మా ఉద్యోగం.

ప్రశ్న: మేడమ్, మా అమ్మాయికి అమెరికాలో డివిజన్ 1 యూనివర్సిటీలో టెన్నిస్ స్కాలర్‌షిప్ మీద సీటు వచ్చింది. ఆగస్టులో వెళ్తుంది. మా తమ్ముడికి డల్లాస్ దగ్గర ఇండియన్ గ్రోసరీ షాపు ఉంది. మేనకోడలు రాకెట్ పట్టుకుని షాపులో నిలబడి రెండు రీల్స్ చేస్తే వెయ్యి డాలర్లు ఇస్తానంటున్నాడు. ఇప్పుడు కాలేజీ ప్లేయర్లు యాడ్స్ చేసుకోవచ్చట, పైగా సొంత మేనమామ, ఎవరు చూస్తారులే అంటున్నాడు. నాకెందుకో టెన్షన్‌గా ఉంది. (ఒక తల్లి, కూకట్‌పల్లి)

జవాబు: అమ్మా, మీ టెన్షన్ సరైనదే. మీ తమ్ముడు చెప్పినదాంట్లో సగం నిజం. ఆ సగం నిజాన్ని నమ్మే చాలామంది పిల్లలు ఇరుక్కుంటారు.

2021 జులై 1కి ముందు కాలేజీ ప్లేయర్ తన పేరు, ఫొటో వాడుకుని డబ్బు తీసుకుంటే ఆట నుంచి తప్పించేవాళ్లు. ఆ రోజు నుంచి తీసుకోవచ్చు. దీన్నే ఎన్‌ఐఎల్ (నేమ్, ఇమేజ్, లైక్‌నెస్) అంటున్నారు. 2025 జూన్ 6న, ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ అనే కేసులో రాజీకి కోర్టు ఒప్పుకున్నాక కాలేజీలే ప్లేయర్లకు నేరుగా డబ్బు ఇవ్వడం మొదలుపెట్టాయి. మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీకి పరిమితి 2.05 కోట్ల డాలర్లు. బయటివాళ్లతో చేసుకునే ఒప్పందం 600 డాలర్లు గానీ అంతకు మించి గానీ ఉంటే ఎన్‌ఐఎల్ గో అనే పోర్టల్‌లో చూపించాలి. మీ తమ్ముడి వెయ్యి డాలర్లు ఆ లెక్కలోకే వస్తాయి. చూపించడం పెద్ద కష్టమేం కాదు. ఇక్కడిదాకా మీ తమ్ముడి మాట సరిపోతుంది.

అసలు చిక్కు వీసా దగ్గర. మీ అమ్మాయి వెళ్లేది ఎఫ్-1 మీద. ఎఫ్-1 విద్యార్థి అనుమతి లేకుండా క్యాంపస్ బయట పని చెయ్యకూడదు. షాపులో నిలబడి రీల్ చేసి డబ్బు తీసుకుంటే అది పనే. పక్కన ఆడే అమెరికా అమ్మాయి రోజూ అదే పని చేస్తుంటుంది, మన అమ్మాయి చెయ్యకూడదు. ఎన్‌సీఏఏ తప్పుకి కొన్ని మ్యాచ్‌లు పోతాయి. వీసా తప్పుకి చదువే పోవచ్చు.

ఇది పేరున్న ఆటగాళ్లకూ తప్పలేదు. పర్డ్యూలో బాస్కెట్‌బాల్ ఆడిన జాక్ ఈడీ వరసగా రెండేళ్లు దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడు. కెనడా అబ్బాయి కాబట్టి తోటివాళ్లలా అమెరికాలో యాడ్స్ చేసుకోలేకపోయాడు. కెంటకీలో ఆడిన ఆస్కర్ షీబ్వే కాంగో నుంచి వచ్చినవాడు. 2022 ఆగస్టులో జట్టు బహామాస్ వెళ్లినప్పుడు, అంటే అమెరికా నేల దాటాక, అక్కడ తన ఎన్‌ఐఎల్ పనులు పూర్తి చేసుకున్నాడు. వెనక పెద్ద యూనివర్సిటీ, లాయర్లు ఉండి చేసిన ఏర్పాటు అది. మీ అమ్మాయి సెలవులకు హైదరాబాద్ వచ్చినప్పుడు ఇక్కడ రీల్ తీస్తే సరిపోతుందా అని మీకు అనిపించవచ్చు. డబ్బు ఇచ్చేది అమెరికా షాపు, రీల్ వాడేది అమెరికాలో. కాబట్టి ఆ మాట మీరూ నేనూ తేల్చుకునేది కాదు. ముందు యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసులో డీఎస్ఓని (విద్యార్థి వీసా వ్యవహారాలు చూసే అధికారిని), తర్వాత కంప్లయన్స్ ఆఫీసుని అడగాలి. ఇద్దరి జవాబూ ఈమెయిల్‌లో ఉండాలి. ఫోన్‌లో సరేనన్నారు అంటే కుదరదు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, మూడేళ్ల కిందట ఒక అబ్బాయి నా ఎదురుగా కుర్చీలో కూర్చుని, ఫోన్ నావైపు తిప్పాడు. ఏ దేశమో చెప్పను. ప్రోటీన్ పౌడర్ డబ్బా చేత్తో పట్టుకున్న ఫొటో, కింద అతని పేరుతో డిస్కౌంట్ కోడ్. అప్పటికి అతని ఖాతాలో పడింది 84 డాలర్లు. "ఇది తప్పా?" అని అడిగాడు. ఎన్‌సీఏఏ వైపు కాగితాలు నేను ఆ మధ్యాహ్నమే సరిచేయగలిగాను. వీసా వైపు నా చేతిలో ఏమీ లేదు. ఇమిగ్రేషన్ లాయర్‌కి అతను కట్టింది ఆ 84కి ఎన్నో రెట్లు. ఆ సెమిస్టర్ అంతా ఇంటికి పంపేస్తారేమోనన్న భయంతోనే ప్రాక్టీస్‌కి వచ్చాడు. నెల ముందు అదే ప్రశ్నతో అదే కుర్చీలో కూర్చుని ఉంటే ఐదు నిమిషాల పని.

ఇంకో సంగతి. సొంత మేనమామ మేనకోడలికి కానుక ఇస్తే ఎన్‌సీఏఏకి అభ్యంతరం లేదు. కుటుంబంలోవాళ్లు చేసే సాయం నిషేధం కాదు. రీల్ చేయించుకుని ఇస్తే అది జీతం, ఊరికే ఇస్తే మేనమామ ప్రేమ. మీ తమ్ముడికి నిజంగా ఆ పిల్లకు సాయం చేయాలని ఉంటే రీల్ మాట వదిలేసి, రాకెట్లు కొనిపెట్టమనండి. రీల్ చేయించి కానుక అని పేరు పెట్టడం మాత్రం వద్దు.

వెళ్లే ముందు ఒక పని చేయండి. పదోతరగతి, ఇంటర్ మార్కుల మెమోలతో పాటు టోర్నమెంట్ల ఖర్చు రసీదులన్నీ ఒక ఫైల్లో పెట్టండి. ఎంట్రీ ఫీజులు, రైలు టికెట్లు, స్ట్రింగింగ్ బిల్లులు, ప్రైజ్ మనీ వస్తే ఎంతొచ్చింది అన్నీ. ఆడే అర్హత ఉందో లేదో తేల్చే ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్ వాళ్లు ఎక్కడ ఆడారు, ఎంత గెలిచారు, ఎంత ఖర్చయింది అని అడుగుతారు. ఈ దారిలో మనవాళ్లు ముందే నడిచారు. విశాఖ కుర్రాడు సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీకి ఆడాడు. నెల్లూరు నుంచి వెళ్లిన తల్లిదండ్రుల బిడ్డ నిశేష్ బసవరెడ్డి స్టాన్‌ఫర్డ్‌లో ఆడి 2024 చివర్లో ప్రొఫెషనల్ అయ్యాడు. మీ అమ్మాయి కూడా బాగా ఆడాలి.

ప్రశ్న: అమ్మా, నేను రిటైరైన పీఈటీని. అమెరికాలో కాలేజీ పిల్లలు పాస్తా ఎక్కువ తిన్నారని డబ్బు కట్టించుకున్నారట. మా మనవడు చెబితే నమ్మలేదు. ఆడే పిల్లల తిండి మీద రూలేమిటమ్మా? మేము గ్రౌండ్‌లో పిల్లలకి మా ఇళ్ల నుంచి పెరుగన్నం తెచ్చి పెట్టేవాళ్లం. (తెనాలి నుంచి ఒక మాస్టారు)

జవాబు: మాస్టారూ, మీ మనవడు చెప్పింది నిజమే. ఓక్లహోమా యూనివర్సిటీలో ముగ్గురు అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లు ఒక విందులో అనుమతి ఉన్నదానికన్నా ఎక్కువ పాస్తా తిన్నారని యూనివర్సిటీ తనంతట తానే రాసిచ్చింది. ఒక్కొక్కరు 3 డాలర్ల 83 సెంట్లు ఏదైనా మంచి పనికి విరాళంగా ఇవ్వాల్సి వచ్చింది. 2014లో ఆ సంగతి బయటికొచ్చింది. అంతకుముందు ఇంకో రూలుండేది. కాలేజీ పిల్లలకి బేగల్ ఇవ్వొచ్చు. బేగల్ అంటే గారెలా మధ్యలో చిల్లు ఉండే బన్ను. దాని మీద క్రీమ్ చీజ్ రాస్తే మాత్రం అది భోజనం కింద లెక్క, ఇవ్వకూడదు. 2014 ఏప్రిల్‌లో కనెక్టికట్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టు జాతీయ టైటిల్ గెలిచింది. ఆ జట్టు హీరో షబాజ్ నేపియర్ తాను ఆకలితో పడుకున్న రాత్రులున్నాయని విలేకరులకు చెప్పాడు. ఆ నెలలోనే తిండి మీద పరిమితి ఎత్తేశారు. ఆ రూలు మొదటి నుంచీ తప్పేనని నా నమ్మకం. మీ పెరుగన్నమే న్యాయం.

అయితే అలాంటి రూళ్లు ఎందుకు ఉంటాయో కూడా చెప్పాలి. డల్లాస్‌లో సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ ఉంది. 1980ల్లో అక్కడ ఫుట్‌బాల్ ఆటగాళ్లకి అభిమానులు రహస్యంగా నెలనెలా డబ్బులిచ్చేవాళ్లు. ఒకసారి పట్టుబడి, శిక్ష పడి, ఇక ఇవ్వమని చెప్పాక కూడా 13 మందికి దాదాపు 61 వేల డాలర్లు ఇచ్చారు. మాటిచ్చేశాం కదా, ఆపితే పిల్లలు బయటపెడతారు అన్నది పెద్దల లెక్క. పాలకమండలికి పెద్దగా ఉండి, తర్వాత రెండోసారి టెక్సాస్ గవర్నరైన బిల్ క్లెమెంట్స్ ఆ నిర్ణయంలో తానూ ఉన్నానని 1987లో ఒప్పుకున్నాడు. ఎన్‌సీఏఏ ఆ ఏడాది సీజన్ మొత్తం రద్దు చేసింది. మరుసటి సీజన్ యూనివర్సిటీయే ఆడలేక మానుకుంది. పైసా తీసుకోని పిల్లలూ వేరే కాలేజీలు వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ జట్టు మళ్లీ ఒక బౌల్ మ్యాచ్ (సీజన్ చివర్లో బాగా ఆడిన జట్లకి దక్కే మ్యాచ్) ఆడటానికి 2009 దాకా పట్టింది.

ఇది చదివినప్పుడల్లా నాకు మా ఖోఖో జట్టు గుర్తొస్తుంది. డిగ్రీ రెండో ఏడాది, ఇంటర్ కాలేజియేట్ ఫైనల్. మ్యాచ్‌కి ముందు బల్ల దగ్గర మా ఐడీ కార్డులు చూస్తున్నారు. కార్డు మీద రబ్బరు స్టాంపు సగం ఫొటో మీద, సగం అట్ట మీద పడాలి. మా జట్టులో ఒక అమ్మాయి కార్డు మీద ఫొటో శుభ్రంగా ఉంది, స్టాంపు అట్ట మీదే ఆగిపోయింది. అంటే స్టాంపు పడ్డాక ఫొటో మార్చారు. బల్ల దగ్గర కూర్చున్నాయన గోటితో ఫొటో అంచు ఎత్తి చూశాడు, కింద పాత బంక కనిపించింది. ఆ అమ్మాయి మా కాలేజీ కాదు. మంచి ఛేజర్ అని వేరే ఊరు నుంచి తెచ్చారు. మాలో సగం మందికి తెలుసు. నాకూ తెలుసు. జట్టునంతా పోటీ నుంచి తీసేశారు, సర్టిఫికెట్లు ఆపేశారు. మా కెప్టెన్ ఆ సర్టిఫికెట్ మీద ఆశ పెట్టుకుని బీపీఈడీకి అప్లై చేసింది. ఆ ఏడాది చేరలేకపోయింది. ఫొటో అంటించిన పెద్దాయనకి ఏమీ కాలేదు. నేను ఈ ఉద్యోగంలోకి రావడానికి కారణం ఆ మధ్యాహ్నమే మాస్టారూ.

అయినా డబ్బు మీద రూళ్లు సడలించడం నాకు సంతోషం. 2021లో ఆటగాళ్లు వేసిన ఆల్‌స్టన్ కేసులో సుప్రీంకోర్టు జడ్జిలు తొమ్మిది మందీ ఒకే మాట మీద ఎన్‌సీఏఏకి వ్యతిరేకంగా తీర్పిచ్చినప్పుడు ఎన్‌సీఏఏ రూళ్లు అమలుచేసే నాకే మనసు తేలికైంది. ఆడేవాడు నిజంగా విద్యార్థేనా, నిజంగా చదువుతున్నాడా అన్న రూలు మాత్రం గట్టిగా ఉండాలి. నార్త్ కరొలైనా యూనివర్సిటీలో 18 ఏళ్ల పాటు, 2011 దాకా, పాఠం చెప్పని క్లాసులు నడిచాయి. చివర్లో ఒక పేపర్ రాసిస్తే మంచి మార్కులు. 3,100 మందికి పైగా ఆ క్లాసుల్లో ఉన్నారు, వాళ్లలో దాదాపు సగం క్రీడాకారులు. ఆ క్లాసులు అందరికీ దొరికేవి, ఆటగాళ్లకి ప్రత్యేకంగా ఇచ్చిన మేలు కాదు అన్న వాదనతో 2017లో ఎన్‌సీఏఏ యూనివర్సిటీకి ఏ శిక్షా వేయలేకపోయింది. పాస్తాకి లెక్క కట్టిన చోట చదువుకి లెక్క కట్టలేకపోయారు. నాకది ఇప్పటికీ మింగుడు పడదు.

ప్రశ్న: మా అబ్బాయి ఇక్కడ ఫ్రిస్కోలో 11వ క్లాసు. టెన్నిస్ ఏదో సరదాగా ఆడతాడు. ఒక అడ్మిషన్స్ కన్సల్టెంట్ మావాణ్ని రిక్రూటెడ్ ప్లేయర్‌గా (కోచ్ జట్టు కోసం ఎంచుకున్న ఆటగాడిగా) చూపిస్తే మంచి యూనివర్సిటీలో సీటు ఖాయం, కోచ్‌తో నేను మాట్లాడతాను, ఫౌండేషన్‌కి డొనేషన్ ఇవ్వండి చాలు అంటున్నాడు. అందరూ చేసేదేనట. ఆలోచించవచ్చా? (పేరు వద్దు)

జవాబు: వద్దండీ. ఆ నంబర్ బ్లాక్ చేయండి.

మీరు రాసినది అక్షరాలా రిక్ సింగర్ అనే అడ్మిషన్స్ కన్సల్టెంట్ చేసిన పనే. 2019 మార్చిలో ఎఫ్‌బీఐ బయటపెట్టింది. అతనూ ఫౌండేషన్ పేరుతోనే డబ్బు తీసుకున్నాడు. రోయింగ్ (తెడ్లతో పడవ నడిపే పోటీ) ఎప్పుడూ చేయని పిల్లల్ని మెషిన్ మీద కూర్చోబెట్టి ఫొటోలు తీయించాడు. జార్జ్‌టౌన్ టెన్నిస్ కోచ్ గోర్డన్ ఎర్న్‌స్ట్ లంచాలు తీసుకుని, ఆ స్థాయిలో ఆడలేని పిల్లల్ని టెన్నిస్ రిక్రూట్లుగా చూపించాడు. అతనికి రెండున్నరేళ్లు, సింగర్‌కి మూడున్నరేళ్లు జైలు. డబ్బిచ్చిన తల్లిదండ్రులు కూడా జైలుకెళ్లారు. ఆ సీట్లలో చేరిన పిల్లల్లో కొందరిని యూనివర్సిటీలు తీసేశాయి. తమ పేరు మీద ఏం జరిగిందో కొందరు పిల్లలకి తెలియనే తెలియదు.

మీవాడికి ఆట ఇష్టమైతే డివిజన్ 3 కాలేజీలు చూడండి. అక్కడ ఆట కోసం స్కాలర్‌షిప్ ఉండదు, మెరిట్ మీద సాయం ఉంటుంది. మీ అబ్బాయి తన మ్యాచ్ వీడియో తానే కోచ్‌కి పంపాలి. పనికొస్తాడో లేదో వాళ్లే చెబుతారు.

ప్రశ్న: అక్కా, నేను విజయవాడ నుంచి వచ్చి ఇక్కడ డివిజన్ 1లో స్విమ్మింగ్ చేస్తున్నాను, సెకండ్ ఇయర్. రూమ్మేట్స్‌తో కలిసి ఎన్‌బీఏ (ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) ఫాంటసీ యాప్‌లో ఆడాను. మూడు నెలల్లో మొత్తం 140 డాలర్లు పెట్టాను. అది కూడా బెట్టింగ్ కిందికే వస్తుందని నిన్న మీటింగ్‌లో చెప్పారు. యాప్ డిలీట్ చేసి నోరు మూసుకో అంటున్నారు ఫ్రెండ్స్. ఊళ్లో ఫ్రెండ్స్ గ్రూప్‌లో ఐపీఎల్ మీద కూడా రెండుసార్లు 500 పెట్టాను. నిద్ర పట్టడం లేదు. (ఒక విద్యార్థి)

జవాబు: తమ్ముడూ, ముందు ఊపిరి తీసుకో. నువ్వు అనుకున్నంత పెద్ద గోతిలో లేవు.

డబ్బు కట్టి, గెలిస్తే డబ్బొచ్చే ఫాంటసీ కూడా బెట్టింగే. ఎన్‌సీఏఏ పోటీలు జరిపే ఏ ఆట మీదైనా, అది కాలేజీ మ్యాచైనా ప్రొఫెషనల్ మ్యాచైనా, పందెం కాయకూడదు. 2025 అక్టోబర్‌లో ప్రొఫెషనల్ మ్యాచ్‌ల వరకు అనుమతిద్దామని నిర్ణయించారు. నవంబర్‌లో డివిజన్ 1 కాలేజీలే ఓటేసి దాన్ని వెనక్కి తీసుకున్నాయి. మీలో చాలామందికి మొదటి వార్త చేరింది, రెండోది చేరలేదు. ఇక ఐపీఎల్. క్రికెట్ ఎన్‌సీఏఏ జరిపే ఆటల్లో లేదు కాబట్టి వాళ్ల రూలు దాన్ని తాకదు. కానీ ఆంధ్రాలో క్రికెట్ పందెం చట్టప్రకారమే నేరం. ఆ గ్రూప్‌లోంచి ఈ రోజే బయటికి రా.

2023 జూన్‌లో శిక్షలకి మెట్లు పెట్టారు. నీ సొంత ఆట, సొంత కాలేజీ మ్యాచ్‌లు కాకుండా వేరేవాటి మీద మొత్తం 200 డాలర్ల లోపు అయితే, మళ్లీ ఆడటానికి ముందు బెట్టింగ్ నియమాల మీద క్లాసుకి హాజరు కావాలి. 201 నుంచి 500 దాకా అయితే సీజన్‌లో పదో వంతు పోతుంది. 800 దాటితే 30 శాతం, ఇంకా ఎక్కువైతే ఇంకా కఠినం. నీ 140 మొదటి మెట్టు మీదే ఉంది.

ఫ్రెండ్స్ చెప్పినట్టు దాచావనుకో, అప్పుడు కథ మారిపోతుంది. ఎన్‌సీఏఏకి పోలీసుల్లా సోదా చేసే అధికారం లేదు. అడిగితే నిజం చెబుతారన్న దాని మీదే ఈ వ్యవస్థ నడుస్తుంది. అందుకే అబద్ధాన్ని చాలా పెద్ద తప్పుగా చూస్తారు. 2009లో ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ ఆటగాడు డెజ్ బ్రయంట్‌ని మాజీ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ స్టార్ డియాన్ శాండర్స్‌ని కలిశావా అని అడిగారు. కలవడం అసలు తప్పే కాదు. భయపడి లేదన్నాడు. ఆ అబద్ధానికి మిగతా సీజన్ అంతా పోయింది. పైగా యాప్ డిలీట్ చేస్తే నీ ఫోన్‌లో పోతుంది, కంపెనీ దగ్గర పోదు. 2023లో అయోవా రాష్ట్రంలో, ఆటగాళ్ల భవనాల్లోంచి ఎవరెవరు బెట్టింగ్ యాప్‌లు తెరిచారో ఫోన్ ఉన్న చోటుని బట్టి అధికారులు చూడగలిగారు. ఆ చూసిన పద్ధతి సరైనది కాదని తర్వాత కొన్ని కేసులు కొట్టేశారు గానీ, ఆ పిల్లల సీజన్లు తిరిగి రాలేదు.

రేపు పొద్దున్నే వెళ్లు. యాప్ డిలీట్ చేయకు, ముందు లావాదేవీల పేజీ మొత్తం స్క్రీన్‌షాట్లు తీసుకో. కోచ్‌కి ముందు చెప్పాలా, కంప్లయన్స్‌కి చెప్పాలా అని తటపటాయించకు, నేరుగా కంప్లయన్స్ ఆఫీసుకే వెళ్లు. "నేను ఎన్‌బీఏ ఫాంటసీలో 140 డాలర్లు పెట్టాను, అది తప్పని నిన్న తెలిసింది, ఇవి వివరాలు" అని చెప్పు. అంతే. మీ రూమ్మేట్లు ఏమైనా పెట్టారా అని అడిగితే తెలిసింది చెప్పు, ఊహించి చెప్పకు. కొన్ని రోజులు నిన్ను పోటీలకి పంపకపోవచ్చు, కాగితాలు పూర్తయ్యేదాకా అలాగే ఉంటుంది, కంగారు పడకు. ప్రాక్టీస్‌కి వెళ్లొచ్చా అని మాత్రం అక్కడే అడిగి తెలుసుకో. ఈ రాత్రికి ఇంటికి ఫోన్ చేసి అమ్మానాన్నలకి కూడా చెప్పు. అది కష్టమని తెలుసు. పని పూర్తయ్యాక నాకు ఇంకో ఉత్తరం రాయి.